మాటిచ్చిన ఆట

"చేసేశాను," అన్నాడు గార్లండ్.

వరండాలోంచి లోపలికి వచ్చి ఫోను వంటింటి బల్ల మీద బోర్లా పెట్టాడు. పొద్దున చర్చికి కట్టుకెళ్లిన టై ఇంకా మెడలోనే ఉంది.

పొయ్యి దగ్గర కోడి ముక్కలు వేయిస్తున్న వెర్నా మంట తగ్గించి ఇటు తిరిగింది. "ప్రెసిడెంటు గారు ఏమన్నారు?"

"ఏమంటాడు! ఇన్నాళ్లకు దారికొచ్చావయ్యా అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. ప్రెయిరీ స్టేట్ వాళ్లకు మెయిలు ఇప్పుడే పంపించేస్తాడట. వచ్చే సెప్టెంబరు ఆట రద్దు. టీవీ వాళ్లకు కూడా ఇవాళే చెప్పేస్తాడట."

"మీరేమన్నారు?"

"సరే అన్నాను. నువ్వు అనమన్నావుగా."

నిష్ఠూరంగా అనలేదు. ఉప్పు తెమ్మంటే తెచ్చానన్నంత మామూలుగా అన్నాడు. అదే వెర్నాకు గుచ్చుకుంది.

గంట క్రితం ఇదే పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చింది ఆమే. ఆ ఆట వల్లే పిల్లాడి ఏడాదంతా మట్టికొట్టుకుపోయిందనీ, ఇంకో ఏడాది కూడా వాణ్ణి బలిపెట్టొద్దనీ బతిమాలింది. చివరికి "మీ మాట ఎక్కువా, మీ కొడుకు ఎక్కువా?" అని కూడా అడిగేసింది. గార్లండ్ బల్ల మీది ఫోను జేబులో వేసుకున్నాడు. వరండాలోకి వెళ్లి చాలాసేపు పచార్లు చేశాడు. ఆ తర్వాతే కాలేజీ ప్రెసిడెంటుకు ఫోను చేశాడు.

కెనోమా స్టేట్ కాలేజీలో ఆటల వ్యవహారాలన్నీ చూసే డైరెక్టరు గార్లండ్ టిబెట్స్. అతను ఒకసారి సరే అన్నాడంటే కాగితాలతో పనిలేదని అలబామా అంతా పేరు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి మాట వెనక్కి తీసుకోవడం వెర్నా ఇవాళే చూసింది. అదీ తన కోసం. కోరుకున్నది దక్కినప్పుడు గుండె తేలికపడాలి కదా, ఆమెకు మాత్రం ఎవరిదో వస్తువు విరగ్గొట్టినట్టుగా ఉంది.

"వాడు ఏమైనా తిన్నాడా?" అని అడిగాడు గార్లండ్.

"తలుపు తీస్తేగా!"

ఇద్దరూ మేడ వైపు చూశారు. పైన కోల్బీ గదిలో అలికిడి లేదు.

పొద్దున పదకొండింటికి కోల్బీ తన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుతో పాటు కాలేజీ హాల్లోనే ఉన్నాడు. దేశంలో మేటి ఎవరో తేల్చే ప్లేఆఫ్‌కు ఎంపికైన పన్నెండు జట్ల పేర్లు టీవీలో ఒక్కొక్కటే చదువుతున్నారు. ఏడుపైనా నవ్వైనా పట్టుకుందామని కెమెరాలు హాలంతా కాచుకుని ఉన్నాయి. ఏడాది మొత్తంలో ఒక్కటే ఆట ఓడిన కెనోమా పేరు వస్తుందని ఊరంతా నమ్మింది. చివరి చోటు రెండు ఆటలు ఓడిన బ్రాంట్లీ టెక్‌కు పోయింది. "బయట ఉండిపోయిన మొదటి జట్టు కెనోమా స్టేట్," అన్నాడు టీవీలో ఆసామి. అదేదో బిరుదు ఇచ్చినట్టు!

ఓడిన ఆ ఒక్క ఆటా సెప్టెంబరులో, ఉత్తరాన ప్రెయిరీ స్టేట్ మైదానంలో ఆడింది. ఒక్క పాయింటు తేడా. దాని బదులు ఏ బక్క జట్టునో పిలిపించుకుని ఆడి ఉంటే ఓటమన్నదే ఉండేది కాదు, టీవీలో పేరూ వచ్చేది. ఆ ఆట కుదిర్చింది గార్లండ్. ఈ ఏడు మేం మీ ఊరు వస్తాం, వచ్చే ఏడు మీరు మా ఊరు రావాలి, అని ప్రెయిరీ డైరెక్టరు హాల్వర్ నైగార్డ్‌తో చెయ్యి కలిపి మాట పుచ్చుకున్నాడు.

కోల్బీ హాల్లోంచి నేరుగా ఇంటికి వచ్చాడు. తండ్రి ఎదురొస్తే తల దించుకుని పక్కనుంచి మేడెక్కేశాడు. ఒక్క మాట లేదు. ఆ మౌనం చూసే వెర్నా తట్టుకోలేకపోయింది.

బయట కారు హారను మోగింది. ఒకసారి కాదు, టెక్ వాళ్ల మైదానంలో బాకాలు ఊదే వరసలో మోగింది.

"వచ్చాడు నీ తమ్ముడు," అన్నాడు గార్లండ్.

డెంటన్ టెక్ వాళ్ల నారింజ రంగు టోపీ పెట్టుకునే లోపలికి వచ్చాడు. చేతిలో పీకాన్ పై, పప్పులు వేసి కాల్చిన తీపి వంటకం. టెక్ పాలక మండలిలో సభ్యుడు కాబట్టి గొంతు మామూలుగానే పెద్దది, ఇవాళ ఇంకాస్త పెద్దదైంది.

"ఏంటక్కా, ఇంట్లో ఎవరైనా పోయారా? ఇంత నిశ్శబ్దంగా ఉంది!"

"ఆ టోపీ బయట పెట్టి రా."

"దీన్నెలా బయట పెడతానే! ఇవాళ లోపలికి వచ్చింది ఇదొక్కటే కదా!"

తన పరాచికానికి తనే పడీపడీ నవ్వాడు. వెర్నా టోపీ లాక్కుని తలుపు బయట కొక్కేనికి తగిలించింది. ఆమె పుట్టిందీ టెక్ ఇంట్లోనే. పెళ్లవగానే ఇంటిపేరుతో పాటు రంగు కూడా మార్చుకుందని తండ్రి ఒక సీజనంతా ఆమెతో మాట్లాడలేదు. ఆ వంశంలో మనుషులు ఇలాంటి వాటికే అలుగుతారు.

మేనమామ గొంతు వినో ఏమో, కోల్బీ దిగి వచ్చాడు. ఆరడుగుల పైన నిలువెత్తు మనిషి, కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. తల్లి చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. నలుగురూ చేతులు పట్టుకుని తలలు వంచారు. గార్లండ్ ప్రార్థన రోజూ కంటే పొట్టిగా ముగించాడు.

మొక్కజొన్న రొట్టె, ఆకుకూర, కోడి గిన్నెలు చేతులు మారాయి. కాసేపు చెంచాల చప్పుడే వినిపించింది. డెంటన్‌కు అంతసేపు ఊరుకోవడం చేతకాదు.

"బావా, మనసులో పెట్టుకోకు. నిజం మాట్లాడుకుందాం. మా కాన్ఫరెన్సు జట్లతో ప్రతి శనివారం గండమే. మీ కాన్ఫరెన్సులో నెలకో గట్టి ఆట ఉంటుంది, మిగతావి షికార్లు. మేం రెండు ఓడినా మీరు ఒకటి ఓడినా లెక్క సమానమే."

"సమానమో కాదో తేల్చుకోవడానికే కదా ఇన్నేళ్లుగా మిమ్మల్ని ఆడదాం రమ్మంటున్నది," అన్నాడు గార్లండ్. "గంట ప్రయాణం లేదు. మీ ఊరే వస్తామన్నాను. మీ మైదానం, మీ జనం. అయినా ఒప్పుకోలేదు."

"ఎందుకు ఒప్పుకుంటాం చెప్పు? గెలిస్తే ఒరిగేది లేదు. ఓడితే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"అదీ సంగతి. మాతో మీరు ఆడరు. తీరా ఎంపిక దగ్గరికొచ్చేసరికి, మీరు ఏ గట్టి జట్లతో ఆడారని మమ్మల్నే అడుగుతారు."

"లోకం తీరు అది బావా. నేను పెట్టిన రూలా?"

"కాదు. కానీ ఆ రూలు నీడన హాయిగా కూర్చున్నది మీరే."

డెంటన్ నవ్వేసి రొట్టె తుంచుకున్నాడు. "సరే, మేం పిరికివాళ్లమే అనుకో. పిరికివాళ్లం లోపలున్నాం, వీరులు బయటున్నారు. ఆ ప్రెయిరీ వాళ్ల బదులు మేం చేసినట్టే ఒక చిన్న కాలేజీని పిలిపించుకుని, నాలుగు డబ్బులిచ్చి, నలభై పాయింట్లతో చితక్కొట్టి పంపిస్తే ఇవాళ మీ ఇంట్లోనూ పండగే. అదొక్కటీ నీకు చేతకాలేదు."

గార్లండ్ చెంచా కింద పెట్టాడు.

ఆ మాట అతనికి ఎక్కడ తగిలిందో వెర్నాకు తెలుసు. కుర్రాడిగా ఉన్నప్పుడు గార్లండ్ కెనోమా జట్టులో ఆడాడు. అప్పట్లో డబ్బు పుచ్చుకుని పెద్ద కాలేజీలకు వెళ్లి తన్నులు తిని వచ్చే బాపతు జట్టు అది. ఒకసారి అరవై పాయింట్ల తేడాతో ఓడి తిరిగొస్తుంటే, ఆ డబ్బుతో మైదానానికి కొత్త దీపాలు వస్తాయని కోచ్ బస్సులో ఓదార్చాడట. ఆ దీపాల కింద ఆడినన్నాళ్లూ తల ఎత్తి పైకి చూడలేదని గార్లండ్ ఒక్కసారే, పెళ్లైన కొత్తలో చెప్పాడు. డైరెక్టరు అయిన రోజే ఆ బేరాలు ఆపేశాడు. కెనోమా అమ్ముడుపోదు, ఎవరినీ కొనదు. మీరు మా ఊరు రండి, మేం మీ ఊరు వస్తాం. ఆ పద్ధతి మీద ఎంతమంది నవ్వినా కదల్లేదు. అలాంటి మనిషిని చూసే ఆమె రంగు మార్చుకుంది.

ఆ మనిషి చేతే ఇవాళ తను ఫోను చేయించింది. వెర్నా చేతిలోని రొట్టె ముక్క తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

"అల్లుడూ, నేను వచ్చింది నీ కోసంరా," డెంటన్ కుర్చీ కోల్బీ వైపు జరిపాడు. "ఇవాళ ఈ మాట అనకూడదు. రేపటి నుంచి పిల్లలు కాలేజీ మారొచ్చు కాబట్టి రేపు అనాలి. కానీ మేనమామను, నాకేం రూలు! నీకింకా ఏడాది ఆట మిగిలుంది. మా కోచ్‌కు నువ్వు కావాలి. వచ్చే ఏడు ఇదే రోజు నువ్వు లోపల ఉంటావు."

గార్లండ్ రెండు చేతులూ బల్ల అంచున ఆనించాడు. "నా ఇంట్లో, నా బల్ల దగ్గర కూర్చుని..."

"వాణ్ణి చెప్పనీ బావా. బతుకు వాడిది."

కోల్బీ నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. ఇంటికి వచ్చాక మొదటిసారి నోరు విప్పాడు.

"మామయ్యా, వచ్చే సెప్టెంబరులో మీరు ఎవరితో ఆడతారు?"

"ఏముంది, మామూలే. మూడు చిన్న జట్లొస్తాయి. ఒళ్లు నలగదు, దెబ్బలు తగలవు, నీకు హాయి."

"మూడూ మీ ఊరే వస్తాయా?"

"మరి? మనమెందుకు వెళ్లడం!"

కోల్బీ నవ్వాడు. సంతోషమున్న నవ్వు కాదది. ఇప్పుడు తండ్రి వైపు తిరిగాడు.

"నాన్నా, ప్రెయిరీ ఊళ్లో ఆ రోజు బంతి నా చేతిలోంచే పైకి పోయింది."

సెప్టెంబరు నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. చివరి పాయింటు కోసం తన్నాల్సిన బంతిని, కాళ్ల మధ్య నుంచి వెనక్కి విసరాల్సింది కోల్బీ. అది మూరెడు ఎత్తుగా పోయింది. అందుకుని నేల మీద నిలిపి పట్టుకునేవాడు తడబడ్డాడు, తన్నేవాడి కాలు తప్పింది. ఒక్క పాయింటు.

"వదిలెయ్ కోల్బీ," అంది వెర్నా.

"చెప్పనివ్వమ్మా. మీరిద్దరూ వదిలేశారు, నేనే వదల్లేకపోతున్నాను. నాన్న ఆ ఆట కుదర్చడం తప్పని ఊరంతా తిడుతోంది. తప్పు ఆటది కాదు, నాది. నాన్న మొహం చూడలేకే పైకి వెళ్లి పడుకున్నాను."

వెర్నా చేతిలోని గుడ్డను నలిపేసింది. కోపం అనుకుంది తను. కొడుకు తండ్రి మీద అలిగాడనుకుంది. కన్న కొడుకు మౌనాన్ని ఇంత తప్పుగా చదివింది.

"కానీ ఒకటి చెప్పనా నాన్నా? నేను ఆడిన వాటిలో అంత గొప్ప ఆట ఇంకోటి లేదు. వాళ్ల ముందు వంగలేదు మనం. చివర్లో వాళ్ల జనమే లేచి నిలబడి మనకు చప్పట్లు కొట్టారు. అలా మనకెప్పుడైనా ఎవరైనా కొట్టారా? ఈ టీవీ వాళ్లు పిలవకపోతే పోయారు. వచ్చే సెప్టెంబరులో ప్రెయిరీ వాళ్లు మన ఊరు రావాలి. ఆ బంతి నేను మళ్లీ విసరాలి. ఇందాక హాల్లో వచ్చే ఏడు ఆడేవాళ్లమంతా అదే అనుకున్నాం. వేరే కాలేజీకి పోదామనుకున్నవాళ్లు కూడా ఆ ఆట కోసం ఆగుతామన్నారు. అందరి తరఫునా నేనే మాటిచ్చాను, మా నాన్న ఉన్నంతవరకు ఆ ఆట ఎక్కడికీ పోదని."

డెంటన్ తన కుర్చీ మళ్లీ వెనక్కి జరుపుకున్నాడు.

గార్లండ్ చాలాసేపు బల్ల మీది గుడ్డనే చూశాడు. తర్వాత తల ఎత్తాడు. కొడుకు వైపే చూశాడు తప్ప, పొరపాటున కూడా భార్య వైపు చూడలేదు.

"ఆ ఆట లేదు కోల్బీ. ఇందాకే రద్దు చేయించాను."

"ఏంటి?"

"ప్రెసిడెంటుకు నేనే ఫోన్ చేశాను."

"నువ్వా? ఎందుకు? ఆయన నెల రోజులుగా పోరుతుంటే నువ్వే కదా..."

"నాకే అనిపించింది. నిర్ణయం నాది. ఎందుకని అడక్కు."

కోల్బీ మొహంలో వెలుగు ఒక్కసారిగా ఆరిపోవడం వెర్నా చూసింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "అలాగే సార్," అన్నాడు. తండ్రిని ఎన్నడూ అంత మర్యాదగా పిలిచి ఎరగడు. "మామయ్యా, రేపు పొద్దున మీ కోచ్ ఎక్కడుంటాడు?"

"కూర్చో," అంది వెర్నా.

"అమ్మా..."

"కూర్చోమన్నానా! నిర్ణయం మీ నాన్నది కాదు. నాది. నేను ఏడ్చి, సాధించి, నిన్ను అడ్డం పెట్టి చేయించాను. నన్ను ఒక్క మాట పడనివ్వకూడదని ఆయన నెత్తిన వేసుకుంటున్నాడు."

"వెర్నా, ఊరుకో," అన్నాడు గార్లండ్ మెల్లగా.

"ఊరుకోను. నువ్వు విసిరిన బంతి మూరెడే పైకి పోయిందిరా కోల్బీ. నేను విసిరింది ఎక్కడికి పోయిందో చూడు."

ఆమె వంటింట్లోకి వెళ్లి బోర్లా పెట్టిన ఫోను తెచ్చి భర్త ముందు ఉంచింది. "నైగార్డ్ గారికి కలపండి. మాట్లాడేది నేను."

"మెయిలు వెళ్లిపోయుంటుంది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ప్రెసిడెంటు నన్ను ఉంచడు."

"ఉంచకపోతే?"

గార్లండ్ ఆమె కళ్లలోకి చూశాడు. ఎన్నాళ్లకో కుర్రాడిలా నవ్వాడు. ఫోను కలిపి ఆమె చేతికిచ్చాడు.

"నైగార్డ్ గారూ, నేను గార్లండ్ భార్యను. మా ప్రెసిడెంటు గారి మెయిలు మీకు అందిందా?"

"అందిందమ్మా." అవతలి గొంతు ముసలిది, తొందరలేనిది. "నేను నమ్మలేదు. గార్లండ్ అలా చెయ్యడే అని మా ఆవిడతో ఇప్పుడే అంటున్నాను."

"ఆయన చెయ్యలేదండీ. నేను చేయించాను. పిల్లాడి బెంగతో బుద్ధి లేకుండా చేయించాను. మీరు రావాలి. మా వాళ్లు మీ కోసం ఎదురుచూస్తున్నారు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"నాకు రావాలనే ఉందమ్మా. మీ అబ్బాయి ఆట అయ్యాక మా పిల్లల గది బయట నిలబడి, ఒక్కొక్కడికీ చెయ్యి కలిపి వెళ్లాడు. ఎవరో బాగా పెంచారనుకున్నాను. కానీ ఆ శనివారం కోసం ఇంకో కాలేజీ కాచుక్కూర్చుంది. రేపు పొద్దున మా బోర్డు కూర్చునేలోగా రమ్మనే మాట మీ ప్రెసిడెంటు నోటి నుంచి రావాలి. గార్లండ్ మాట నాకు చాలు. మా బోర్డుకు చాలదు."

ఫోను పెట్టేసేసరికి వాకిట్లో కార్ల చప్పుడు వినిపించింది. కిటికీ దగ్గర నిలబడ్డ డెంటన్ ఈల వేశాడు. "అక్కా, మీ ప్రెసిడెంటే. వెనక టీవీ వాళ్ల బండి కూడా ఉంది."

గార్లండ్ టై సర్దుకుంటూ లేవబోయాడు. వెర్నా అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. తనే వెళ్లి తలుపు తీసింది.

మెట్ల మీద ప్రెసిడెంటు హోల్కూం మంచి కోటు వేసుకుని, ఊరందరికీ పంచేటంత నవ్వుతో నిలబడి ఉన్నాడు. పక్కన మైకు పట్టుకున్న అమ్మాయి, వెనక కెమెరా మోస్తున్న మనిషి.

"అభినందనలు వెర్నా గారూ! మీవారు కాలేజీని కాపాడే నిర్ణయం తీసుకున్నారు. ఆయన నోటితోనే చెప్తే బాగుంటుందని వీళ్లను వెంటబెట్టుకొచ్చాను. ఒకసారి పిలుస్తారా?"

కెమెరా దీపం వెలిగింది. వెర్నా కళ్లు చిట్లించలేదు.

"ముందు నన్ను అడగమనండి," అంది. "ఆ నిర్ణయం నాది."

ప్రెసిడెంటు నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారాయి. లోపల భోజనాల గదిలో ఎవరో కుర్చీ జరిపి లేచిన చప్పుడైంది. అడుగులు తన వైపే వస్తున్నాయి. అవి గార్లండ్‌వో కోల్బీవో చూడ్డానికి వెర్నా వెనక్కి తిరగలేదు. రమ్మనే మాట ఈ కెమెరా ముందే ప్రెసిడెంటు నోట రావాలనుకుంటూ మైకు వైపు ఒక అడుగు వేసింది.